మా వియ్యపురాలి చాగ

మా వియ్యపురాలు పోయారు. ఆ గురువారం పొద్దున ఏడున్నరకు మా అమ్మాయి కోడూరు నుంచి ఫోన్ చేసి "అత్తయ్య పోయారమ్మా" అంది. కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీదికి చేరారట. ఖాళీ గ్లాసు తీసుకెళ్దామని వెళ్లి మా అమ్మాయి పిలిస్తే పలకలేదట. డెబ్బై ఒకటో ఏడు. ఆస్పత్రి లేదు, మందుల సంచి లేదు. ఒకరిని ఇబ్బంది పెట్టడం ఆవిడకు మొదటి నుంచీ అలవాటు లేదు, ఒక్క పెరటి విషయంలో తప్ప. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇంటిల్లిపాదినీ ఆరేళ్లు ఇబ్బంది పెట్టారు. ఈ నాలుగు మాటలూ ఆ ఆరేళ్ల గురించే.

తల్లి మీద రాస్తారు, గురువు మీద రాస్తారు. వియ్యపురాలి మీద స్మృతి రాసిన మనిషి ఇంతవరకు నా కంటపడలేదు. వియ్యపురాళ్లంటే పెళ్లిలో ఒకరికొకరు చీరలు పెట్టుకుని, ఆ చీరలు బాగాలేవని తర్వాత ఇరవై ఏళ్లు చెప్పుకునే ఇద్దరు ఆడవాళ్లు. మేమూ అలాగే మొదలయ్యాం. ఆవిడ పెట్టిన చీర నేను కట్టలేదు, నేను పెట్టింది ఆవిడా కట్టలేదు. ఎదురుపడితే మాత్రం ఆవిడ నన్ను "వదినగారూ" అనేవారు, నేను ఆవిడను "వదినగారూ" అనేదాన్ని. అంత మర్యాద మధ్య స్నేహానికి ఊపిరాడదు. పదేళ్లు ఆడలేదు.

నేను బందరులో, చిలకలపూడి వైపు ఉంటాను. హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉత్త చేతులతో కూతురి ఇంటికి వెళ్లకూడదు కనుక, వెళ్లినప్పుడల్లా నర్సరీ నుంచి ఒక మొక్క పట్టుకెళ్లేదాన్ని. ఒకసారి గులాబీ, ఒకసారి ముద్దమందారం, ఒకసారి రంగురంగుల క్రోటను. మా చిలకలపూడి రోల్డుగోల్డు నగలకైనా గ్యారంటీ ఇస్తారు, నర్సరీ మొక్కకు అదీ లేదు. అయినా మళ్లీ వెళ్లేసరికి కోడూరు పెరట్లో నా మొక్క పచ్చగా కనిపించేది. వియ్యపురాలికి చేతి వాసి బాగానే ఉందనుకునేదాన్ని. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా మొక్కల సంగతి తెలుసు పాపం అని లోపల్లోపల మెచ్చుకునేదాన్ని కూడా.

ఆరేళ్ల కిందట ఒకసారి ఫోన్ చెయ్యకుండా వెళ్లాను. అవనిగడ్డలో ఎవరినో చూడటానికి వెళ్లి, కోడూరు బస్సు ఎదురుగా కనపడితే ఎక్కేశాను. పెరట్లోకి వెళ్లి చూస్తే గులాబీ లేదు, ఎండు పుల్ల ఉంది. మందారం లేదు, ఇంకో ఎండు పుల్ల ఉంది. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, పరీక్షలో కాపీ కొడుతూ పట్టుబడ్డ పిల్లలా నా వంక చూశారు. నిజం అప్పుడు బయటపడింది. నేను తెచ్చిన ప్రతి మొక్కా నెల తిరక్కుండా చచ్చిపోయేదట. నేను వస్తున్నానని మా అమ్మాయి చెప్పగానే ఆవిడ అవనిగడ్డకు మనిషిని పంపి, అచ్చం అలాంటిదే తెప్పించి అదే గుంటలో నాటించేవారట.

"ఆ గులాబీ మీరు తెచ్చింది కాదండీ వదినగారూ. మీది ఎప్పుడో పోయింది. మొన్న చచ్చింది నాలుగోది" అన్నారు.

పదేళ్ల మర్యాద అక్కడితో సరి. ఇద్దరం మెట్టు మీద కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆవిడ పెరట్లోంచి చిటికెడు మన్ను తీసి, నాలుక మీద వేసుకుని చూడమన్నారు. వేసుకున్నాను. ఉప్పు. మా అల్లుడుగారికి ఇంటి వెనకే రొయ్యల చెరువు ఉంది. దాని ఊట నేలలో నుంచి పాకి పెరటిని పట్టుకుంది. ఎండలు ముదిరితే మన్ను మీద చౌడు తెల్లగా తేలుతుంది. అందులో మా గులాబీ అన్ని వారాలు నిలబడటమే గొప్ప. మరి మీ అబ్బాయికి చెప్పలేదా అని అడిగాను. "ఆ చెరువే కదండీ అన్నం పెడుతోంది. దాన్ని తిట్టుకుంటూ ఎలా తినను" అన్నారు.

అసలు చిక్కు ఏమిటంటే, మా అమ్మాయీ అల్లుడూ పెరడంతా సిమెంటు చేయించాలని అప్పటికే నిశ్చయించారు. వానొస్తే బురద, ఎండొస్తే చౌడు, మనవరాలి కాళ్లతో అదంతా ఇంట్లోకి. గుడివాడ మేస్త్రీతో మాట్లాడటం కూడా అయిపోయింది. నేను కూతురి పక్షమే పట్టాను. ఇక్కడ దాచుకోవడం దేనికి, శుభ్రంగా ఉంటుంది చేయించమని సలహా ఇచ్చింది నేనే. వియ్యపురాలు అంతా విన్నారు. గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నారు.

"వంటిల్లు కోడలిది. చెరువు అబ్బాయిది. టీవీ మనవరాలిది. నాకంటూ ఉన్నది ఈ పెరడొక్కటేనండీ. ఒక్క ఏడాది ఆగండి. వచ్చే తొలకరికి ఇందులో పచ్చగా ఏమీ లేకపోతే నేనే నిలబడి సిమెంటు పోయిస్తాను."

మా అమ్మాయి సరేనంది. ఆ నేలలో ఏదీ మొలవదని దాని ధైర్యం.

వారం తర్వాత ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆటోలో పాలకాయతిప్ప దారి పట్టారు. సముద్రం చూపిస్తారనుకున్నాను. సరుగుడు తోటలు దాటాక, తాటిచెట్ల కింద ఇసకదిబ్బ దగ్గర ఆటో ఆపించి, గునపం తీసుకుని దిగారు. తాటి మొదళ్ల చుట్టూ నేలలోంచి కత్తుల్లా నిలబడ్డ ఆకులు. మందంగా, దోనెలా లోపలికి వంగి, ముదురు ఆకుపచ్చ మీద అడ్డంగా లేత చారలు. చాగ. మీలో చాలామంది దీని పెద్ద చుట్టాన్ని స్నేక్ ప్లాంట్ అని తెల్ల పింగాణీ కుండీలో కొనుక్కుని సోఫా పక్కన పెట్టుకుని ఉంటారు. మన దగ్గరిది ఈ తీరంలో ఎప్పటి నుంచో ఉన్నదే. అమ్మేవాడు లేడు కనుక అడిగేవాడూ లేడు. ఆవిడ తాతగారి రోజుల్లో ఈ ఆకులు నానబెట్టి, దంచి, నార తీసి వలలకు తాళ్లు పేనేవారట. "అన్నేళ్లు ఉప్పు గాలికి బతికింది, నా పెరట్లో బతకదా" అంటూ ఒక దుబ్బును దుంపలతో సహా పెళ్లగించారు. మిగతావి ముట్టుకోలేదు. ఒక్క తల్లి చాలన్నారు.

ఆవిడ నాటిన తీరు రాసి పెడతాను, ఎవరికైనా పనికొస్తుంది. దుంపల్ని రెండేసి ఆకులు ఉండేలా విడదీసి, మూడు రోజులు వసారాలో నీడన ఆరబెట్టారు. కోసిన చోటు మానకుండా మట్టిలో పెడితే కుళ్లుతుందట. పెరట్లో బోర్లించిన తట్టంత మెరకలు చేశారు. అడుగున పాత పెంకుల ముక్కలు, పైన ఏటి ఇసక, కాస్త మాగిన పేడ ఎరువు. ఉప్పు ఊట వేళ్లకు అందకుండా మెరక, వాన నీళ్లు నిలవకుండా పెంకులు. నాటాక పది రోజులు చుక్క నీరు పొయ్యలేదు. నేను చెంబు పట్టుకుని వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "దాని మానాన దాన్ని వదిలెయ్యండి వదినగారూ. మనల్ని అలా వదిలేసేవాళ్లు లేకే ఇలా ఉన్నాం" అన్నారు.

ఒక దుబ్బుతో పెరడు నిండదు. అందుకని ముదురు ఆకుల్ని బెత్తెడు ముక్కలుగా కోశారు. ఆకు ముక్క నుంచి కూడా చాగ మొలుస్తుంది, కాకపోతే మొక్క మీద ఏ కొస కిందికి ఉండేదో మట్టిలోనూ ఆ కొసే కిందికి ఉండాలి. గుర్తు కోసం కింది కొసను ఏటవాలుగా, పై కొసను అడ్డంగా కోసేవారు. చౌడులో ముక్కలు వేళ్లు పట్టడం ఆలస్యం కనుక ఇరవై ముక్కలు కాగితంలో చుట్టి నా చేతికి ఇచ్చారు. బందరులో మంచి మట్టిలో వేళ్లు పట్టించి తొలకరికి ముందు తెచ్చివ్వమన్నారు. ఏటవాలు కొస కిందికి అని రెండుసార్లు చెప్పారు.

నేను ఇరవైకి ఇరవై తలకిందులుగా నాటాను. ఏటవాలుగా, మొనదేలి ఉన్న కొస ఆకు చివరలా కనిపించింది, దాన్ని పైకి పెట్టాను. రెండుసార్లు చెప్పారు కదా అంటారేమో. ముప్పై ఏళ్లు చెప్పడమే పనిగా బతికినవాళ్లకు వినే అలవాటు ఉండదు. పైగా ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి శాకీయ ప్రత్యుత్పత్తి పాఠం చెప్పి, బొమ్మ సరిగ్గా వెయ్యలేదని పిల్లల చేత గోడ కుర్చీ వేయించిన మనిషిని.

అయిదు నెలలు ఆ ముక్కలు కుండీల్లో పచ్చగా, బిగుసుకుని నిలబడ్డాయి. వేరు లేదు, పిలక లేదు. నాకు భయం పట్టుకుంది. తొలకరికి నాలుగు నెలలే ఉన్నాయి, ఆవిడ పెరట్లో నాటినవి పదకొండే. నా ఇరవై రాకపోతే ఆ పెరడు సిమెంటు కిందికి పోతుంది, అదీ నా మూలంగా. ఆవిడ ఫోనులో అడిగితే బాగానే ఉన్నాయని చెప్పాను. మర్యాదకు అబద్ధం ఆడటం అప్పటికి నా వంతు వచ్చింది.

మాఘమాసంలో ఏదో పెళ్లికని బందరు వచ్చి, ఆవిడ తిన్నగా మా డాబా ఎక్కారు. ఒక ముక్కను పైకి లాగి, కళ్లజోడు సర్దుకుని చూశారు. ఇంకోటి లాగారు. నేను తులసి కోట వంక చూస్తూ నిలబడ్డాను.

"తలకిందులుగా పెట్టారు వదినగారూ" అన్నారు చివరికి. ముక్క మీది మట్టి తుడిచి, "అయినా చావలేదు, చూశారా" అన్నారు.

అంతే. ఇంకొకరైతే ఊరంతా చెప్పుకునేవారు. నేనైతే తప్పకుండా చెప్పుకునేదాన్ని. ఆవిడ అక్కడే చతికిలబడి, ఇరవై ముక్కల్నీ ఒక్కొక్కటే పైకి తీసి, కొస చెక్కి, ఆరబెట్టమన్నారు. తిరిగి వెళ్లేటప్పుడు వాటిని ఒడిలో పెట్టుకుని బస్సెక్కారు. ఈసారి కోడూరులోనే, తన కళ్లముందే నాటుతానన్నారు. నన్ను నమ్మలేదని నాకు కోపం రాలేదు. ఆ స్థితిలో నన్ను నేనే నమ్మేదాన్ని కాదు.

తొలకరి వచ్చింది. గుడివాడ మేస్త్రీ కొలతల టేపుతో వచ్చాడు. నేనూ వెళ్లాను. పెరట్లో ముప్పై ఒక్క మెరకలు, పదకొండింటి మీద రెండేసి పొట్టి ఆకులు, మిగతావాటి మీద వేలెడు ముక్కలు. కొన్నిటి పక్కన మట్టిని చీల్చుకుని చూపుడువేలంత పిలక. అంతకు మించి ఏమీ లేదు. మా అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఇదా అత్తయ్యా పచ్చదనం. కనపడాలంటే కళ్లజోడు కావాలి" అంది.

"ఎంత పెరిగాయో చూడకమ్మా. చచ్చింది ఒక్కటుంటే చూపించు" అన్నారు ఆవిడ.

మా అమ్మాయి నిజంగానే ప్రతి మెరక దగ్గరా వంగి చూసింది. కొన్నిటిని వేలితో కదిపింది. పట్టుకుని ఉన్నాయి. దానికి నా నోరు వచ్చింది గానీ, నాలో లేని న్యాయబుద్ధి కూడా ఎక్కడి నుంచో వచ్చింది. మేస్త్రీకి కాఫీ ఇచ్చి, వచ్చే ఏడాది కబురు చేస్తామని చెప్పి పంపించేసింది.

ఆ తర్వాత ఏటా గడువు పొడిగిస్తూనే వచ్చింది. ఏటా పిలకలు లేచాయి. రెండో ఏటికి మోచేతి ఎత్తు, మూడో ఏటికి నడుం ఎత్తు. ఏ రెండు ఆకుల చారలూ ఒకేలా ఉండవని ఆవిడే నాకు చూపించారు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల మీది దుమ్ము తుడిచేవారు, వెండి పళ్లెం తుడిచినంత నెమ్మదిగా. తుడిస్తే చారలు తేరుకునేవి. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే ఫలానా ఆకు తన అత్తగారి పట్టుచీర అంచులా ఉందని చూపించేవారు. అత్తగారిని ఆవిడ మెచ్చుకోగా నేను విన్నది ఆ ఒక్క సందర్భంలోనే.

మూడో ఏడు తుఫానుకు చెరువు గట్టు తెగింది. మగవాళ్లంతా రొయ్యల కోసం గట్టు మీదికి పరుగెత్తారు. పెరట్లో పిక్కల లోతు ఉప్పునీళ్లు. బస్సులు లేక నేను కోడూరులోనే చిక్కుబడ్డాను. ఆవిడ చీర ఎగదోపి, ఒక పార తను తీసుకుని, రెండోది నా ముందు పెట్టారు.

"మీ చేతులు సుద్దముక్కకే అలవాటని తెలుసు. అయినా పట్టండి" అన్నారు.

వానలో ఇద్దరు ముసలమ్మలం పెరటి గోడ కింద నుంచి మురుగు కాలువ దాకా కాలవ తవ్వాం. సాయంత్రానికి నీరు దిగింది. వారానికి కొన్ని ఆకులు అడుగున మెత్తబడ్డాయి. ఆవిడ కుళ్లిన మేర కోసి, మిగిలినవాటిని ఆరబెట్టి, మళ్లీ నాటారు. ఏడుపు, తిట్టు ఏదీ లేదు. మొత్తం మీద రెండు పోయాయి. మూడో రోజు నా భుజాలు లేవకపోతే కొబ్బరినూనె రాస్తూ, "మీరు పనికొస్తారండీ" అన్నారు. నాకు వచ్చిన ప్రశంసాపత్రాలు బీరువాలో ఉన్నాయి. అవన్నీ ఒక ఎత్తు.

ఇంకోసారి గుడివాడలో బంధువుల పెళ్లి మండపంలో ఇరువైపులా తెల్ల కుండీల్లో అద్దెకు తెచ్చిన స్నేక్ ప్లాంట్లు పెట్టారు. అందరూ వధూవరుల్ని చూస్తుంటే ఆవిడ కుండీల్లో వేలు పెట్టి చూస్తున్నారు. "నీళ్లు పోసి చంపుతున్నారు వదినగారూ" అని పట్టుచీరతోనే వంగి, కింది పళ్లాల్లో నీళ్లన్నీ ఒక్కొక్కటిగా పారబోశారు. మండపం వాళ్లు చూసి పెళ్లికొడుకు తరఫు మనిషి కాబోలనుకుని ఊరుకున్నారు.

అలాంటి మనిషి పోయారు. నేను వెళ్లేసరికి హాల్లో పడుకోబెట్టారు. నేను ఏడవలేదు. ఏడవడానికి అక్కడ చాలామందే ఉన్నారు.

ఎనిమిదో రోజున పెద్దకర్మ భోజనాల మాట వచ్చింది. మూడొందల మంది వస్తారు, షామియానా ఎక్కడ వెయ్యాలి, బల్లలు ఎక్కడ వెయ్యాలి. మా అల్లుడుగారి పెదనాన్నగారు పెరటి వంక చూశారు. "గట్టు మీద పొక్లెయిను ఖాళీగానే ఉంది కదరా. గంట పని. సాపు చేయించెయ్, తర్వాత ఎలాగూ సిమెంటే" అన్నారు. మా అల్లుడుగారు ఎనిమిది రోజులుగా నిద్ర లేని మనిషి. "అమ్మే లేదు కదా పెదనాన్నా. ఇంకెవరికి కావాలి" అన్నారు.

ఆడపిల్ల తల్లి అల్లుడి ఇంట్లో పదిమంది ముందు నోరు విప్పకూడదని మా కాలపు పద్ధతి. ఆ పద్ధతిని పదహారేళ్లు పాటించాను. నా మట్టుకు నేను చాలా కష్టపడే పాటించాను.

"నాకు కావాలండీ అల్లుడుగారూ" అన్నాను. "అందులో ఇరవై నేను తలకిందులుగా పెట్టి పెంచినవి."

పెదనాన్నగారు నా వైపు తిరిగారు. "ఆ ముళ్ల మొక్కల కోసం మూడొందల మందిని ఎండలో నిలబెడతామా అమ్మా" అన్నారు.

"దానికి ముళ్లు ఉండవండీ, నా నోటికే ఉన్నాయి. ఏటా గడువు పొడిగించింది నా కూతురు. తీర్పు కూడా దాన్నే చెప్పమనండి" అన్నాను.

అందరూ మా అమ్మాయి వైపు చూశారు. సిమెంటు కావాలని మొదట పట్టుబట్టింది తనే. అది ఏం చెప్పబోతోందో నాకు నిజంగా తెలియదు. అది కొంగు దోపుకుని పెరట్లోకి దిగింది. ఇటు చివర నుంచి అటు చివరకు అడుగులు వేస్తూ నడిచి వచ్చింది.

"బల్లలు వద్దు పెదమావయ్యగారూ. కింద చాపలు వేయిద్దాం. మొక్కలకీ మొక్కలకీ మధ్య మనిషి పట్టేంత చోటుంది, విస్తళ్లు వాటి చుట్టూ తిప్పుకోవచ్చు. వడ్డన నేను చూసుకుంటాను" అంది. ఆ తర్వాత మొగుడితో నెమ్మదిగా, "ఏమండీ, ఆ పొక్లెయిను అవతలి గట్టుకు తీసుకెళ్లమనండి. ఇక్కడ దాని చప్పుడు వద్దు" అంది.

ఆయన లేచి వెళ్లి చెప్పొచ్చారు.

పదకొండో రోజు మధ్యాహ్నం నేను వంటింటి మెట్టు మీద నిలబడి చూశాను. షామియానా రాటలు దుబ్బుల్ని తప్పించి పాతారు, అందుకని గుడ్డ ఒకవైపు వంకరగా దిగింది. కింద భోజనాల పంక్తి తిన్నగా లేదు. గోడ దగ్గర మొదలై, ఒక దుబ్బు చుట్టూ తిరిగి, రెండో దాన్ని చుట్టి, మలుపులు తిరుగుతూ చెరువు గట్టు దాకా పోయింది. అన్నం గిన్నె పట్టుకున్న మా అమ్మాయి, వెనకే పప్పు గిన్నెతో అల్లుడుగారు, ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేసుకుంటూ ఆ మలుపుల వెంట వంగి వంగి వడ్డిస్తున్నారు. మోకాళ్లు వంగని పెదనాన్నగారికి ఒక కుర్చీ వేశారు. ఆయన చెవి పక్కన ఒక చారల ఆకు నిలబడి ఉంది. తింటూ తింటూ ఆయన ఎడమచేత్తో ఆ ఆకును పట్టుకుని, ఎంత మందముందో చూస్తున్నారు.